తుంబురు కోనలో తరిగొండ వెంగమాంబ

తిరుమలలో ప్రతి రాత్రి ఏకాంత సేవవేళ శ్రీవారికి జరిగే హారతి తరిగొండ వెంగమాంబ పేరిట జరుగుతుందని మీలో చాలామందికి తెలుసు. కొండపైన నిత్యాన్నదానం జరిగే భవనానికి 2011లో ఆమె పేరు పెట్టిన తరువాత, ఆమె ఎవరో తెలియనివారు కూడా ఆ పేరు చూసుకుంటూ వెళ్ళి పంక్తిలో కూర్చుంటున్నారు. అయితే ఆ తల్లి ఏళ్ళ తరబడి స్వామివారి గోపురం కూడా కంటికి ఆనని ఒక లోయలో, ఒక గుహలో, ఒంటరిగా గడిపిన సంగతి దగ్గర మనం ఎక్కువసేపు నిలవము. సొరంగం కథ ఒకటి చెప్పుకొని చేతులు జోడించి ముందుకు సాగిపోతాము. ఈ వారం ఆ లోయలోనే కాసేపు ఆగుదాం.

వెంగమాంబ 1730లో వాయల్పాడుకు సమీపంలోని తరిగొండ గ్రామంలో కానాల కృష్ణయ్య, మంగమాంబ దంపతులకు జన్మించింది. ఊళ్ళోని లక్ష్మీనరసింహస్వామి ఆమెకు చిన్ననాటినుండి ఆరాధ్యదైవం. పసితనంలోనే వివాహమైంది, పసితనంలోనే భర్త గతించాడు. ఆ రోజుల్లో అటువంటి పిల్లకు లోకం ఏమి విధించేదో మీకు వేరుగా చెప్పనక్కరలేదు. మీ ఇంటి పెద్దల జ్ఞాపకాలలో ఒక మేనత్తో, ఒక పెద్దమ్మో అలా బతికిన కథ ఉండే ఉంటుంది. వెంగమాంబ మాత్రం కేశఖండనకు ఒప్పుకోలేదు. తన భర్త శ్రీవేంకటేశ్వరుడేనని, ఆయనకు మరణం లేదు గనుక తనకు వైధవ్యం లేదని చెప్పి కుంకుమనూ పువ్వులనూ వదలలేదు. పుష్పగిరి పీఠాధిపతి ఎదుట నిలబడవలసి వచ్చినప్పుడు కూడా ఆమె పట్టు సడలలేదని సంప్రదాయం చెబుతుంది. మదనపల్లెకు చెందిన రూపావతారం సుబ్రహ్మణ్యశాస్త్రి ఆమెకు గురువై యోగమార్గం ఉపదేశించారు. తరిగొండ ఆలయంలో హనుమంతుని విగ్రహం వెనుక కూర్చుని ధ్యానం చేసుకుంటుంటే అక్కడి అర్చకుడే ఆమెను బయటికి పంపాడంటారు. ఊరు విడిచి తిరుమల చేరింది.

తిరుమలలోనూ ఆమెకు ప్రశాంతత దక్కలేదు. హాథీరాంజీ మఠం వారు ఆదరించి నివాసం చూపించారు గాని, ఇరుగుపొరుగున ఉన్న అర్చక కుటుంబంవారు ఎంగిలి విస్తళ్ళు ఆమె పెరట్లో పారవేసేవారని చెబుతారు. అర్చకత్వంలోనే తల నెరసిన నాకు ఈ వృత్తాంతం వ్రాయడం సుఖంగా లేదు. అయినా దీన్ని దాటవేస్తే ఆ తల్లి కోనకు ఎందుకు వెళ్ళిందో మీకు అర్థం కాదు. విరాగంతో అడవికి వెళ్ళినవారి చరిత్రలు మన పురాణాలలో ఎన్నో ఉన్నాయి. ఈమె వెళ్ళింది విరాగం లేక కాదు, కాని గుడి పక్కన చోటులేక కూడా.

తుంబురు తీర్థం ఆలయానికి ఉత్తర దిశలో ఉన్నది. పాపవినాశనం దాటిన తరువాత కూడా మైళ్ళ కొద్దీ రాళ్ళమీద నడవాలి. ఫాల్గుణ పౌర్ణమినాటి తుంబురు తీర్థ ముక్కోటికి వెళ్ళివచ్చినవారు మీలో ఉంటే ఆ చోటు చెప్పకుండానే కళ్ళముందు మెదులుతుంది. రెండువైపులా నిలువుగా లేచిన కొండగోడలు, మధ్యన ఇరుకైన చీలిక, అడుగున నీళ్ళు. శేషాచలానిది క్వార్ట్‌జైట్ అనే గట్టి రాయి. ఆ రాతి పగుళ్ళలో నిలిచిన వాననీరు మెల్లగా ఊరుతూ తీర్థాలలో చేరుతుంది. కనుక కోనలో నివసించేవారికి దాహబాధ తక్కువే. మిగిలినదంతా కష్టమే. వేసవిలో ఆ రాయి పగలంతా కాగి రాత్రి కూడా సెగలు కక్కుతుంది. ఆశ్వయుజం నుండి మార్గశిరం వరకు ఈశాన్య రుతుపవనాల వానలు పడితే, పైన ఎక్కడో కురిసిన నీరు క్షణాలలో ఇరుకు లోయను నింపేస్తుంది. 2021 నవంబరులో కురిసిన వానలకు ఘాట్ రోడ్డుమీద కొండచరియలు విరిగిపడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. అది సిమెంటు గోడలు కట్టుకున్న రోడ్డు సంగతి. పుష్యమాసపు చలికి కోనలో సూర్యుడు ఆలస్యంగా వస్తాడు, త్వరగా వెళ్ళిపోతాడు.

మృగాల మాట చెప్పనే అక్కరలేదు. చిరుతలు, ఎలుగుబంట్లు, అడవికుక్కలు నేటికీ ఆ కొండల్లో ఉన్నాయి. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత ఒక చిన్నారిని బలిగొన్న తరువాత, నడిచివెళ్ళే భక్తుల చేతికి కర్రలిచ్చి గుంపులుగా పంపవలసి వచ్చింది. మెట్లు, దీపాలు, వేల జనం ఉన్న దారిలోనే అలా జరిగింది. వెంగమాంబ వెళ్ళిన కాలంలో ఆ కోనకు మెట్లూ లేవు, దీపాలూ లేవు.

ఇక్కడ శాస్త్రం సంగతి ఒకటి చూడండి. చర్మం ముడతలు పడి, తల నెరిసి, మనుమడిని చూసుకున్న గృహస్థు అడవికి వెళ్ళవచ్చునని మనుస్మృతి విధించింది. భార్యను వెంట తీసుకొనిపోవచ్చు, లేదా కుమారులకు అప్పగించి పోవచ్చు. దున్నిన నేలలో పండినది తినరాదు. దుంపలు, పండ్లు, నివ్వరి ధాన్యం ఆహారం. కూడబెట్టుకున్నది ఏదైనా ఆశ్వయుజ మాసం రాగానే విడిచిపెట్టాలి. వేసవిలో పంచాగ్నుల మధ్య, వానలో ఆకాశమే కప్పుగా, హేమంతంలో తడిబట్టలతో ఉండాలి. ఇన్ని నియమాలు చెప్పిన గ్రంథంలో భర్తలేని స్త్రీ ఒంటరిగా అడవిలో తపస్సు చేసుకోవడానికి ఒక్క విధి కనబడదు. ఆమెకు తండ్రి, భర్త, కుమారుల రక్షణే చెప్పారు. వెంగమాంబ నడిచిన దారి ఎవరూ వ్రాసిపెట్టినది కాదు. తైత్తిరీయారణ్యకం మాత్రం బ్రహ్మయజ్ఞం చేయదలచినవాడు ఊరి ఇళ్ళ కప్పులు కంటికి కనబడనంత దూరం తూర్పుకో, ఉత్తరానికో, ఈశాన్యానికో వెళ్ళాలని చెబుతుంది. అది చదివినప్పుడల్లా నాకు తుంబురు కోన గుర్తుకు వస్తుంది.

ఆ కోనకే ఘోణ తీర్థమని కూడా పేరు. మాఘస్నానానికి బద్ధకించిన భార్యను తుంబురుడనే గంధర్వుడు కప్పవు కమ్మని శపించగా, ఆమె ఇక్కడే చెట్టుతొర్రలో పడి ఉండి అగస్త్యుని రాకతో విముక్తి పొందిందని పురాణం. భర్త శాపంతో ఒక స్త్రీ దాగిన చోటికే, లోకం వేసిన ముద్రను కాదన్న మరొక స్త్రీ తనంతట తానుగా వచ్చి కూర్చుంది.

ఏమి తిని బతికింది అని మీరు అడుగుతారు. శేషాచలం అడవి బీడు కాదు. నేరేడు, ఉసిరి, ఈత, వెలగ, తునికి వాటి వాటి రుతువులలో దొరుకుతాయి. నేలలో దుంపలున్నాయి, కొండగోడలకు తేనెపట్లున్నాయి. ఏ దుంప తినదగినదో, ఏది గొంతు పట్టేస్తుందో ఆ కొండల అంచున బతికే యానాదులకు తెలిసినట్లు గ్రామాలలో పెరిగిన మనకు తెలియదు. అది నేర్చుకోవలసిన విద్య. ప్రాణాయామం ఆకలిని అదుపులో ఉంచుతుంది గాని ఆహారం అక్కరలేకుండా చేయదు. మన కథకులు యోగశక్తి అని ఒక్క మాటతో ఇదంతా ముగిస్తారు. ఆ శక్తిని నేను శంకించడం లేదు. కట్టెలు ఏరుకోవడం, వానకు ముందు నిప్పు దాచుకోవడం, జ్వరం వస్తే పలకరించేవారు లేకుండా పడుకొని లేవడం కూడా ఆ తపస్సులో భాగమేనని మాత్రం మీరు గమనించాలి.

ప్రతి రాత్రి ఆమె కోననుండి సొరంగమార్గాన గర్భాలయానికి చేరి స్వామిని అర్చించేదని, తెల్లవారి పూజాద్రవ్యాల జాడలు చూసి అర్చకులు విస్తుపోయారని, ఆమె మహిమ గ్రహించి తిరిగి రమ్మని వేడుకున్నారని ప్రతీతి. సొరంగాన్ని నమ్మేవారు నమ్మండి. వెళ్ళగొట్టినవారే వెళ్ళి పిలుచుకొని వచ్చారన్న భాగమే నాకు అంతకంటె పెద్ద అద్భుతంగా తోస్తుంది.

తిరుమలలో ఆమె శ్రీవేంకటాచల మాహాత్మ్యం, చెంచు నాటకం, ద్విపద భాగవతం, వాసిష్ఠ రామాయణం వంటి గ్రంథాలు రచించింది. ఛందస్సు, వ్యాకరణం గురుముఖతః చదువుకోలేదని, స్వామి పలికించగా పలికానని ఆమే చెప్పుకుంది. యోగవాసిష్ఠంలో చూడాల అనే రాణి కథ ఒకటున్నది. రాజు జ్ఞానం కోసం రాజ్యం విడిచి అడవికి పోతాడు. అంతఃపురంలోనే జ్ఞానం పొందిన రాణి ఆ అడవికే వెళ్ళి అతనికి బోధిస్తుంది. అడవినీ ఊరినీ రెండింటినీ ఎరిగిన వెంగమాంబ ఆ మహాగ్రంథాన్ని తెలుగు ద్విపదగా మలచడానికి పూనుకున్నది.

ఈశ్వర నామ సంవత్సర శ్రావణ శుద్ధ నవమినాడు, 1817లో, ఆమె తిరుమలలోనే సమాధి చెందింది. బృందావనం అక్కడే ఉన్నది. ఏకాంత సేవలో తాళ్ళపాకవారి లాలి తరువాత, ఆమె దత్తపుత్రిక వంశీకులు వెండిపళ్ళెంలో ముత్యాలతో దశావతారాలలో రోజుకొక రూపాన్ని తీర్చి తెస్తారు. ఆ హారతి అయిన పిమ్మట బంగారు వాకిలి మూస్తారు.