ఏడవ నిజామూ, ఆయన బండ్లూ

ఎన్నో ఏళ్ళుగా మన ఆర్టీసీ బస్సుల నెంబర్లలో జడ్ అనే ఇంగ్లీషు అక్షరం కనిపిస్తూ వస్తోంది. మైపాడు నుంచి నెల్లూరికి రోజూ వచ్చిపోయే మాలాంటి వాళ్ళకు అది చూసీ చూసీ అలవాటైపోయింది. దాని వెనుక ఒక కథ చెబుతారు. హైదరాబాదును ఏలిన ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ తల్లి పేరు జహ్రా బేగం. ఆమె జ్ఞాపకంగా తన రాజ్యంలోని బస్సులకు ఆ అక్షరం పెట్టించాడట. మన నెల్లూరు సీమ 1801లోనే ఆర్కాటు నవాబు చేతి నుంచి కంపెనీ చేతికి పోయింది. ఆ తర్వాత 1953 దాకా మనం మద్రాసు వాళ్ళమే. అంటే ఆయన మనకు ఏనాడూ రాజు కాదు. అయినా వాళ్ళమ్మ పేరులోని మొదటి అక్షరం మన సముద్రపొడ్డు దాకా వచ్చిపోతోంది. ఆ మనిషి ఎవరో తెలుసుకోవాలనిపించి చదవడం మొదలుపెట్టాను. రాజుల కథల కంటే నాకు ఇంజన్ల మీద మక్కువ ఎక్కువ గనుక, ఆయన జీవితాన్ని కూడా ఆయన బండ్ల మీదుగానే చెబుతాను. చరిత్ర లెక్చరర్లు క్షమించాలి.

ఉస్మాన్ అలీఖాన్ 1886 ఏప్రిల్ 6న పుట్టాడు. తండ్రి ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ దర్జా మనిషి, వేటగాడు, చేతికి ఎముక లేనివాడు. ఆ తండ్రి ఇంగ్లండులోని రోల్స్ రాయిస్ కంపెనీకి ఒక కారు పురమాయించాడు. సిల్వర్ ఘోస్ట్ అనే రకం. ఆరు సిలిండర్లు, ఏడు లీటర్లకు పైబడిన ఇంజను. లండనులోని బార్కర్ కంపెనీ దానికి బాడీ కట్టింది. అసఫ్ జాహీ జెండా రంగైన పసుపు, గుమ్మటం లాంటి కప్పు, వెనుక కాస్త ఎత్తులో సింహాసనం లాంటి సీటు. కారు రాకముందే, 1911 ఆగస్టు 29న తండ్రి ఫలక్‌నుమాలో కన్నుమూశాడు. పాతికేళ్ళ కొడుక్కి గద్దె దక్కింది, దాంతోపాటే ఆ సింహాసనం కారూ దక్కింది.

ఈ రకం కార్లకు పేరెట్లా వచ్చిందో తెలిస్తే మీకు నవ్వొస్తుంది. 1907లో సిల్వర్ ఘోస్ట్ అన్న పేరున్న మొదటి కారును లండను, గ్లాస్గోల మధ్య పదేపదే తిప్పి 14,371 మైళ్ళు పరీక్ష చేశారు. ఒక్క పెట్రోలు కుళాయి దగ్గర తప్ప ఇంజను ఎక్కడా మొరాయించలేదు. అంత తిరిగే జాతిలో పుట్టిన హైదరాబాదు కారు మాత్రం దశాబ్దాల పాటు కలిపి 400 మైళ్ళయినా తిరగలేదంటారు. మా ఊరి నుంచి నెల్లూరికి ఒక నెల కాలేజీకి వచ్చిపోతే అంతకంటే ఎక్కువ దూరమే అవుతుంది!

ఉస్మాన్ అలీఖాన్ ఆ కారును ఏ దర్బారుకో, ఉత్సవానికో తప్ప బయటికి తీసేవాడు కాదు. రోజువారీ తిరుగుళ్ళకు ఒక పాత కారే చాలనుకునేవాడని ఆ కాలం వాళ్ళు రాసిపెట్టారు. 1937లో అమెరికా పత్రిక టైమ్ తన అట్ట మీద ఆయన బొమ్మ వేసి ప్రపంచంలోకెల్లా ధనవంతుడని రాసింది. ఆ ధనవంతుడేమో మాసిన టోపీ, చవక సిగరెట్టుతో కాలం గడిపాడు. పిసినారితనమని అందరూ నవ్వారు. నాకైతే అందులో సగం పిసినారితనం, సగం పాత వస్తువును వదలలేని మమకారం కనిపిస్తాయి. మా తాతలోనూ అదే గుణం ఉంది.

ఇక్కడ మా తాత సంగతి కొంచెం చెప్పాలి. మా దొడ్లో ఒక పాత ఆయిలింజను ఉంది. ఒకప్పుడు మడికి నీళ్ళు తోడిందది. కరెంటు మోటారు వచ్చాక దానికి పని లేదు. మా చిన్నాయన పాత ఇనుముకు అమ్మేద్దామంటాడు. తాత ఒప్పడు. అమావాస్యకొకసారి హ్యాండిలు వేసి అరగంట తిప్పిస్తాడు. మెకానిక్కు వేరే కంపెనీ పంపు బిగిస్తానంటే వద్దని, దాని సొంత పంపునే రిపేరు చేయించాడు. సముద్రం దగ్గర ఊళ్ళలో ఇనుము నిలవదు. గాలిలోని ఉప్పు తేమతో కలిసి ఇనుము మీద పలచని ద్రావణంగా కూచుంటుంది. అందులోని క్లోరైడు అయాన్లు పైపొరను చీల్చుకుని లోపలికి పోతాయి, తుప్పు రెట్టింపు వేగంతో నడుస్తుంది. బి.ఎస్సీ.లో చదివింది నాకు మా దొడ్లోనే అర్థమైంది. వాడని ఇంజనులో రింగులు సిలిండరుకు పట్టేస్తాయి, పెట్రోలు జిగురు కడుతుంది, ప్యాకింగులు ఎండి చిట్లుతాయి. నిలబెట్టిన బండి టైర్లు కింద వైపు చదునైపోతాయి. హైదరాబాదుది పొడి గాలి గనుక ఆ రోల్స్ రాయిస్‌కు ఉప్పు బెడద లేదు. కానీ తిప్పకపోవడమనే జబ్బుకు పొడి గాలి మందు కాదు కదా.

పాత బండిని పాతగానే నిలబెట్టడం ఒక విద్య. 1912 నాటి కారుకు మెరుపు కోసం క్రోమియం పూత వేస్తే అది తప్పు. ఆ పూత కార్ల మీదికి వచ్చింది 1920ల చివర్లో. అంతకు ముందు నికెలు, ఇత్తడి. 1919కి ముందటి సిల్వర్ ఘోస్ట్‌కు మీట నొక్కితే స్టార్టయ్యే ఏర్పాటూ తప్పే, దాన్ని చేత్తో తిప్పాల్సిందే. ఏ కాలపు బండికి ఆ కాలపు వస్తువు. అమెరికాలో దీనికి ఇంకో విచిత్రం ఉంది. 1932లో ఫోర్డు కంపెనీ ఎనిమిది సిలిండర్ల ఇంజనుతో చవక కారు తెచ్చింది. కుర్రకారు పాతబడిన ఆ కార్లు కొని, రెక్కలూ కప్పులూ కోసి, వేగం పెంచి హాట్ రాడ్లని పేరు పెట్టారు. ఇప్పుడు ఆ కోసిన కోతను కూడా ఆనాటి పద్ధతిలోనే కాపాడి రోడ్డు మీద నడిపే వాళ్ళున్నారు!

అదే 1932లో హైదరాబాదులో నిజాం రైల్వే కింద రోడ్డు రవాణా శాఖ మొదలైంది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు. ఆ బస్సులు స్కాట్లండులో తయారైన ఆల్బియన్లు. నా దృష్టిలో ఉస్మాన్ అలీఖాన్ బండ్లలో గొప్పది ఇదే. ఆ శాఖే 1951లో హైదరాబాదు ప్రభుత్వం చేతికి వచ్చి, 1958 జనవరి 11న మన ఆర్టీసీ అయింది. సింహాసనం కారులో ఒక్కడు కూచోవాలి. బస్సులో కోడిపెట్టతో సహా ఎవరైనా ఎక్కవచ్చు.

ఆయన కట్టించినవి తక్కువేం కాదు. మూసీ వరద మళ్ళీ రాకుండా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. మంజీర మీద 1931లో నిజాంసాగర్ వచ్చింది. రెండున్నర లక్షల ఎకరాలకు పైగా నీళ్ళు! పెన్నా ఆనకట్ట నీళ్ళు తాగి పెరిగిన నాకు ఆ మాట విలువ తెలుసు. 1918లో ఉస్మానియా విశ్వవిద్యాలయం పెట్టి, భారతీయ భాషలో పెద్ద చదువులు చెప్పొచ్చని నిరూపించాడు. అయితే ఆ భాష ఉర్దూ. రాజ్యంలో ఎక్కువ మంది ఇళ్ళలో మాట్లాడే తెలుగుకు ఆ గౌరవం దక్కలేదు.

రైతుబిడ్డగా ఇంకో మాట రాయకుండా ఈ పేజీ దాటలేను. చెరువు కట్టించిన ఆ రాజ్యంలోనే జాగీర్లు, దేశముఖులు, వెట్టి చాకిరి ఉన్నాయి. సర్ఫ్-ఎ-ఖాస్ పేరిట రాజ్యంలో కొంత భూమి ఆదాయం నేరుగా నిజాం సొంత ఖజానాకే పోయేది. 1946లో కడవెండిలో దొడ్డి కొమరయ్య తూటాకు బలయ్యాడు, రైతులు తిరగబడ్డారు. దేశమంతా మారుతుంటే నిజాం తన రాజ్యాన్ని షెడ్డులో పెట్టిన కారులా అట్లాగే ఉంచుకోవాలనుకున్నాడు. ఖాసిం రజ్వీ రజాకార్లను అదుపు చేయలేకపోయాడు, చేయాలని గట్టిగా అనుకున్నాడని కూడా నేను నమ్మను. దానికి మూల్యం పల్లెలు చెల్లించాయి. 1948 సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది, 17న ఆయన లొంగిపోయాడు. 1950 నుంచి 1956 దాకా రాజప్రముఖ్‌గా ఉన్నాడు.

1965లో దేశానికి అయిదు వేల కిలోల బంగారం దానమిచ్చాడని మన హాస్టల్లో కూడా వాదించేవాళ్ళున్నారు. అది నిజం కాదు. ఆయన 425 కిలోల బంగారాన్ని ప్రభుత్వ బంగారు బాండ్లలో, 6.5 శాతం వడ్డీకి పెట్టాడు. యుద్ధం దెబ్బ తగిలిన దేశానికి అదీ పెద్ద సాయమే. దానమని చెప్పి పెంచనక్కర్లేదు.

సింహాసనం కారును బాగుచేసి ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంచారు. 1932 నాటి ఆల్బియన్ బస్సు ఒకటి ఆర్టీసీ వాళ్ళ బస్ భవన్‌లో ఉంది. హైదరాబాదు పోయే మిత్రులు రెండూ చూడండి. కానీ ముందు బస్సు చూడండి, కారు దగ్గర ఎట్లాగూ ఎక్కువసేపు నిలబడిపోతారు.

ఉస్మాన్ అలీఖాన్ 1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో చనిపోయాడు. సాగనంపడానికి హైదరాబాదు జనం వీధుల్లోకి పోటెత్తారు. పూర్వపు నిజాముల్లో చాలామంది సమాధులు మక్కా మసీదులో ఉన్నాయి. ఆయన్ను మాత్రం కింగ్ కోఠీ ఎదురుగా ఉన్న జూదీ మసీదులో, జహ్రా బేగం సమాధి దగ్గర పూడ్చిపెట్టారు.