చూపు మందగించినా స్వరం తప్పని ద్వారం

చూపు లేని పిల్లలకు సంగీతం నేర్పించదలచిన మియాపూర్ పరిసరాల తల్లిదండ్రులకు, ఉపాధ్యాయులకు ఒక వాయులీన విద్వాంసుని జీవితం నేటికీ ధైర్యాన్నిస్తుంది. ఆయనే ద్వారం వెంకటస్వామినాయుడు. కంటిచూపు మందగించి బడి చదువుకు దూరమైన ఆ బాలుడే పెరిగి పెద్దవాడై విజయనగరం సంగీత కళాశాలకు అధ్యక్షుడయ్యారు.

అన్నగారే తొలి గురువు

వెంకటస్వామినాయుడు 1893 నవంబరు 8న బెంగళూరులో జన్మించారు. తండ్రి సైనికోద్యోగి. బాల్యం విశాఖపట్నంలో గడిచింది. బడిలో అక్షరాలు కనిపించక చదువు నిలిచిపోగా, అన్నగారు వెంకటకృష్ణయ్య తమ్ముని చేతికి ఫిడేలు అందించారు. అదే ఆయనకు జీవనాధారమైంది.

అంధ బాలుని కోసం పాఠశాల

విజయనగర సంస్థానంలో చాగంటి జోగారావు అనే ఉద్యోగి ఉండేవారు. ఆయన కుమారుడు అంధుడు. సంగీతమంటే ఆ బాలునికి ప్రాణం. అతనికి విద్య చెప్పించే నిమిత్తమే మహారాజా విజయరామ గజపతిరాజు 1919లో సంగీత పాఠశాలను నెలకొల్పారని ప్రతీతి. ఒక్కరి కోసం తెరిచిన ఆ తలుపు ఎందరికో దారి చూపింది. ఘంటసాల, పి.సుశీల అక్కడ విద్య నేర్చినవారే.

పాఠశాలకు తొలి అధ్యక్షులు హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు. విద్యార్థిగా చేరేందుకు వచ్చిన వెంకటస్వామినాయుడి వాద్యం విని, ఆయనను ఏకంగా వాయులీన ఆచార్యునిగా నియమించారు. 1936లో నాయుడుగారు అధ్యక్ష పదవిని చేపట్టారు.

చెవినే నమ్ముకున్న విద్య

కర్ణాటక సంగీతం ప్రధానంగా గురుముఖతః నేర్చేది. గురువు సరళీ స్వరాలు పాడగా శిష్యుడు విని అప్పగిస్తాడు. పైగా వాయులీనానికి వీణ వలె మెట్లు ఉండవు. వేలు ఎక్కడ ఆనించాలో చెవే చెప్పాలి. ఈ విషయంలో చక్కని చూపున్నవారికీ, లేనివారికీ పెద్ద భేదం లేదు. అందువల్లనే బడిలో అడ్డంకిగా నిలిచిన లోపం సంగీతంలో ఆయనకు అవరోధం కాలేదు. పక్కవాద్యంగానే పరిగణించే వాయులీనంపై 1938లో వేలూరులో ఏకవాద్య కచేరీ చేసి మెప్పించారు.

1941లో మద్రాసు సంగీత అకాడమీ సంగీత కళానిధి బిరుదునిచ్చింది. 1953లో కేంద్ర సంగీత నాటక అకాడమీ పురస్కారం, 1957లో పద్మశ్రీ లభించాయి. ఇంతటి కీర్తి వచ్చినా తనవంటి వారిని ఆయన మరువలేదు. 1952లో ఢిల్లీలో అంధుల సహాయార్థం వాయులీన కచేరీ చేశారు.

1964 నవంబరు 25న నాయుడుగారు కన్నుమూశారు. శతజయంతి సందర్భంగా 1993లో తపాలా శాఖ ఆయన స్మారక బిళ్లను వెలువరించింది. అంధ బాలుని కోసం మొదలైన ఆ పాఠశాల మహారాజా ప్రభుత్వ సంగీత, నృత్య కళాశాలగా నూరేళ్లు దాటి నడుస్తోంది.