ప్రవాసకవి మైకేల్ మధుసూదన దత్తు

నేటి బంగ్లాదేశమునందలి జెస్సూరు మండలమున, కపోతాక్ష నదీతీరమున సాగరదాడి యను గ్రామము కలదు. 1824 జనవరి 25వ తేదీన మధుసూదన దత్తు అచ్చట జన్మించెను. తండ్రి రాజనారాయణ దత్తు కలకత్తాలో పేరొందిన న్యాయవాది. తల్లి జాహ్నవీదేవి పసితనముననే కుమారునకు రామాయణ భారతములను పరిచయము చేసెను.

కలకత్తా హిందూ కళాశాలలో చదువునాట ఆయనకు వంగభాషపై చిన్నచూపు. ఇంగ్లండు చేరి ఆంగ్లకవిగా కీర్తి గడింపవలెననియే తహతహ. 1843లో క్రైస్తవమతమును స్వీకరించి పుట్టినింటికి దూరమయ్యెను. కొన్నాళ్లకు తండ్రి ధనసహాయమును మానుకొనగా, 1848లో చెన్నపట్టణము చేరి అనాథబాలుర పాఠశాలలో ఉపాధ్యాయుడయ్యెను. 1849లో అచ్చట 'కాప్టివ్ లేడీ' అను ఆంగ్లకావ్యమును వెలువరించెను. దానిని చదివిన బెథూన్ దొర, ఇంతటి ప్రతిభను మాతృభాషకు వినియోగించుట మేలని హితవు చెప్పెను.

ఆ హితవు వ్యర్థము కాలేదు. హీబ్రూ, గ్రీకు, లాటిను భాషలతోపాటు మధ్యాహ్నము రెండు మొదలు ఐదు గంటలవరకు తెలుగును, సంస్కృతమును అభ్యసించుచున్నట్లు ఆయన మిత్రునకు వ్రాసెను. పూర్వుల భాషను అలంకరించుటకే ఈ పరిశ్రమమంతయు నని ఆయన భావము. వంగకవి తన భాషకై చేసిన సన్నాహములో తెలుగునకును పాలు లభించుట మనకు సంతోషదాయకము.

చెన్నపట్టణమున నుండగనే తల్లియు, తండ్రియు గతించిరి. 1856లో కలకత్తాకు మరలి, పోలీసుకోర్టులో ఉద్యోగము చేయుచు రచనకు పూనుకొనెను. 1859లో యయాతికథ ననుసరించి 'శర్మిష్ఠ' నాటకమును, 1860లో రెండు ప్రహసనములను ప్రకటించెను. పదునాల్గక్షరముల పయార ఛందమును నిలుపుకొనియే అంత్యప్రాసను విడిచి, పాదమధ్యమున నెచ్చటనైనను వాక్యము ముగియుటకు వీలు కల్పించెను. ఆ నడకలో వెలసినదే 1861 నాటి 'మేఘనాదవధ'.

తొమ్మిది సర్గల ఆ కావ్యమున నాయకుడు ఇంద్రజిత్తు. పూజామందిరమున నిరాయుధుడై చిక్కిన యాతడు, శత్రువునకు త్రోవ చూపిన పినతండ్రి విభీషణుని, స్వజనమును విడిచినందులకు నిలదీయును. కుమారుని కోల్పోయిన రావణుని దుఃఖముతో కావ్యము ముగియును. తానును తండ్రియిల్లు విడిచినవాడే యగుటచే, ఆ నిందలోను, ఆ దుఃఖములోను కవి హృదయము ధ్వనించుచున్నది.

1862లో న్యాయశాస్త్రము చదువుటకు ఇంగ్లండునకు వెడలెను. చిన్ననాటి స్వప్నము ఫలించెనుగాని, చేత కాసు లేదయ్యెను. మరుసటియేడు కుటుంబముతో ఫ్రాన్సులోని వెర్సాయి చేరి అప్పులలో మునిగెను. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు ధనమంపి ఆదుకొనెను. ఆ దైన్యములోనే వంగభాషలో పదునాల్గు పాదముల గీతములు పుట్టినవి; వానిలో నొకటి కపోతాక్ష నదిని గూర్చినది.

1867లో బారిస్టరై కలకత్తాకు తిరిగివచ్చినను దుబారాతనము ఆయనను వీడలేదు. సహచరి హెన్రియెట్టా మరణించిన మూడవనాడు, 1873 జూన్ 29వ తేదీన, ఆసుపత్రిలో కన్నుమూసెను.

కలకత్తాలోని ఆయన సమాధిపై ఆయనయే రచించిన వంగపద్యము చెక్కబడియున్నది. బాటసారిని క్షణము నిలువుమని కోరి, సాగరదాడిని, కపోతాక్షమును, తల్లిదండ్రుల పేర్లను ఆయన అందు చెప్పుకొనెను.