క్షయ క్రిమిని లోకానికి చూపిన వైద్యుడు రాబర్ట్ కోచ్

(మార్చి 24, ప్రపంచ క్షయ నివారణ దినోత్సవం సందర్భంగా ప్రత్యేక వ్యాసం)

మంగళగిరి, మార్చి 24: ఒకనాడు క్షయ రోగుల శానిటోరియం నెలకొని ఉన్న మంగళగిరి ప్రాంగణంలో నేడు అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ (ఎయిమ్స్) రోగులకు సేవలందిస్తున్నది. 2024 ఫిబ్రవరి 25న ఈ సంస్థను జాతికి అంకితం చేశారు. క్షయ పేరు చెబితేనే ఆశ వదులుకొనే రోజుల నుండి, రోగిని గుర్తించి పూర్తిగా నయం చేయగలిగే నేటి స్థితి వరకు సాగిన ప్రస్థానానికి ఆద్యుడు జర్మనీ వైద్యుడు డాక్టర్ రాబర్ట్ కోచ్.

కోచ్ 1843 డిసెంబర్ 11న జర్మనీలోని గనుల పట్టణం క్లౌస్తాల్‌లో జన్మించారు. గోటింగెన్ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య అభ్యసించి 1866లో పట్టా పొందారు. ఫ్రాన్స్–ప్రష్యా యుద్ధకాలంలో సైనికులకు వైద్యసేవలందించారు. 1872లో వోల్‌స్టైన్ అనే చిన్న పట్టణంలో జిల్లా వైద్యాధికారిగా నియమితులయ్యారు. గ్రంథాలయం గాని, ప్రయోగశాల గాని అందుబాటులో లేని ఆ ఊరిలో తన ఇంటిలోనే ఒక భాగాన్ని ప్రయోగశాలగా మలచుకొన్నారు. పశువులను పొట్టన పెట్టుకొంటున్న దొమ్మ వ్యాధికి కారణమైన సూక్ష్మక్రిమి జీవితచక్రాన్ని అక్కడే ఛేదించి 1876లో శాస్త్రలోకానికి నిరూపించారు.

1880లో బెర్లిన్‌లోని ప్రభుత్వ ఆరోగ్య కార్యాలయంలో చేరిన తరువాత ఆయన క్షయపై దృష్టి సారించారు. ఆ కాలంలో ఐరోపాలో సంభవించే ప్రతి ఏడు మరణాలలో ఒకటి క్షయ వల్లనే అని అంచనా. ఇది వంశపారంపర్యంగా సంక్రమించే వ్యాధి అని పలువురు విశ్వసించేవారు. క్షయ క్రిమి సాధారణ రంగులకు లొంగదు, సాధారణ పోషక పదార్థాలపై పెరగదు. కోచ్ ప్రత్యేక పద్ధతిలో రంగు వేసి దానిని సూక్ష్మదర్శినిలో కనుగొన్నారు. వేడి చేసి గడ్డకట్టించిన పశురక్తపు సీరంపై, శరీర ఉష్ణోగ్రతలో దానిని పెంచారు. ఇతర క్రిములు ఒకటి రెండు రోజులలోనే కంటికి కనిపిస్తాయి. క్షయ క్రిమి జాడ మాత్రం రెండవ వారంలో గాని తెలియలేదు. ఫలితం లేదని గొట్టాలను ముందే పారవేసి ఉంటే ఆ ఆవిష్కరణ చేజారిపోయేది. ఓర్పుతో పెంచిన ఆ క్రిములను గినీ పందులకు ఎక్కించి అదే వ్యాధి కలుగుతుందని రుజువు చేశారు. 1882 మార్చి 24న బెర్లిన్‌లో శాస్త్రవేత్తల ఎదుట ఈ విషయాన్ని ప్రకటించారు. ఆ రోజునే ప్రపంచ క్షయ నివారణ దినోత్సవంగా పాటిస్తున్నారు.

భారతదేశంతోనూ ఆయనకు అనుబంధం ఉన్నది. కలరా పరిశోధన బృందానికి నాయకునిగా ఈజిప్టు మీదుగా 1883 డిసెంబర్‌లో కలకత్తా చేరుకొన్నారు. మరుసటి సంవత్సరం ఆరంభంలో అక్కడ కలరా క్రిమిని వేరుపరచి, చెరువు నీటిలోనూ దాని ఉనికిని గుర్తించారు.

అయితే ఆయన జీవితం విజయాలతోనే సాగలేదు. 1890లో ట్యూబర్క్యులిన్ అనే ద్రవం క్షయను నయం చేయగలదన్న ఆశ కల్పించారు. వేలాది రోగులు బెర్లిన్‌కు తరలివచ్చారు. చాలినంత పరీక్ష జరగక ముందే వాడుకలోకి వచ్చిన ఆ మందు రోగం కుదర్చలేకపోయింది. కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆయన ప్రతిష్ఠకు అది తీరని మచ్చగా మిగిలింది. కాలక్రమంలో అదే పదార్థం క్షయ సంక్రమణను గుర్తించే చర్మ పరీక్షకు ఆధారమైంది. క్షయపై చేసిన పరిశోధనలకు గాను 1905లో నోబెల్ బహుమతి అందుకొన్న కోచ్, 1910 మే 27న బాడెన్–బాడెన్‌లో కన్నుమూశారు.

ఆయన మరణించిన రెండేళ్లకు, 1912లో, మదనపల్లె సమీపంలోని ఆరోగ్యవరంలో క్షయ శానిటోరియం ఆరంభమైంది. డెన్మార్క్ వైద్యుడు ఫ్రిమోట్ మోలర్ దానికి సారథ్యం వహించారు. తెలుగు నేలపై క్షయ చికిత్సకు అది చిరునామాగా నిలిచింది.

కోచ్ చూపిన కల్చర్ పద్ధతి నేటికీ క్షయ నిర్ధారణకు ప్రామాణికంగా ఉన్నది. సూక్ష్మదర్శినిలో క్రిమి కనిపించాలంటే మిల్లీలీటరు తెమడలో సుమారు 5,000 నుండి 10,000 క్రిములు ఉండాలి. కల్చర్‌లో 10 నుండి 100 క్రిములు ఉన్నా బయటపడతాయి. ఏ మందుకు క్రిమి లొంగదో కూడా తెలుస్తుంది. అయితే గట్టి మాధ్యమంపై ఫలితం లేదని తేల్చడానికి 8 వారాలు, ద్రవ మాధ్యమంలో 6 వారాలు వేచి ఉండాలి. అందువల్ల నమూనా పాడైతే రోగి విలువైన కాలాన్ని కోల్పోతాడు.

రోగి ఉదయం లేవగానే నోరు నీటితో పుక్కిలించి, గాలి వెలుతురు గల ఆరుబయట, ఇతరులకు దూరంగా నిలబడి, లోతుగా ఊపిరి పీల్చి దగ్గి తెమడ తీయాలి. ఉమ్మి పనికిరాదు. శుభ్రపరచిన, మర మూత గల వెడల్పు మూతి డబ్బాలో సేకరించి, మూత బిగించి, పేరు, తేదీ డబ్బా పక్కన రాయాలి. వెంటనే పంపలేకపోతే 2 నుండి 8 డిగ్రీల చలువలో భద్రపరచాలి. గ్రంథుల నుండి తీసిన కణజాలాన్ని ఫార్మలిన్‌లో వేస్తే క్రిములు చనిపోతాయి. కనుక కల్చర్‌కు దానిని సెలైన్‌లోనే పంపాలి. ప్రయోగశాలలో ఇతర క్రిములను తొలగించే రసాయనం మోతాదు మించినా క్షయ క్రిమి నశిస్తుంది.

రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారు సమీపంలోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా తెమడ పరీక్ష చేయించుకోవాలి. వ్యాధి తేలితే పూర్తికాలం మందులు వాడాలి. సక్రమంగా సేకరించిన నమూనా, ఫలితం కొరకు ఓర్పు, నిరూపణ కాని మందుపై తొందరపడని వివేకం: కోచ్ జీవితం నేటి వైద్య సిబ్బందికీ, ప్రజలకూ అందిస్తున్న సందేశం ఇదే.