ఓడ ఎక్కకముందు చంద్రశేఖర్: మద్రాసులో ఐదేళ్ల చదువు

1930 జూలై 31న బొంబాయి రేవు నుంచి పిల్స్నా అనే ఓడ వెనిస్‌కు బయల్దేరింది. అందులో పందొమ్మిదేళ్ల కుర్రాడొకడు ఉన్నాడు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో బీఎస్సీ ఆనర్స్ అప్పుడే పూర్తి చేశాడు. కేంబ్రిడ్జిలో పరిశోధన విద్యార్థిగా చేరడానికి వెళ్తున్నాడు. ఆ ప్రయాణంలో వేసిన లెక్కే తర్వాత చంద్రశేఖర్ అవధిగా పేరు పడింది. అర్ధ శతాబ్దం తర్వాత, 1983లో సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్‌కు నోబెల్ బహుమతి వచ్చినప్పుడు అందరూ ఆ ఓడ ప్రయాణాన్నే గుర్తు చేసుకున్నారు. నిజానికి ఆ లెక్కకు కావలసిన సరంజామా అంతా మద్రాసులోనే సిద్ధమైంది.

చంద్రశేఖర్ 1910 అక్టోబర్ 19న లాహోర్‌లో పుట్టాడు. తండ్రి సి.సుబ్రహ్మణ్య అయ్యర్ ఆడిట్ అండ్ అకౌంట్స్ శాఖలో అధికారి. చంద్రశేఖర్‌కు తాత పేరే పెట్టారు. విశాఖపట్నంలోని ఏవీఎన్ కాలేజీలో గణితం, భౌతికశాస్త్రం బోధించింది ఆ తాతే. తండ్రికి స్వయానా తమ్ముడు సి.వి.రామన్. 1918లో కుటుంబం మద్రాసు చేరింది. ట్రిప్లికేన్ హిందూ హైస్కూల్లో చదువు ముగించి, 1925లో పదిహేనేళ్లయినా నిండకుండానే చంద్రశేఖర్ ప్రెసిడెన్సీ కాలేజీలో చేరాడు.

తండ్రి కోరిక ఒకటి, మనసు ఇంకొకటి

కొడుకు ఐసీఎస్ రాయాలన్నది తండ్రి ఆశ. ఆ రోజుల్లో చదువుకున్న మద్రాసు కుటుంబాలకు అంతకు మించిన కొలువు లేదు. చంద్రశేఖర్‌కు మాత్రం గణితం మీద మనసు. శ్రీనివాస రామానుజన్ చనిపోయి అప్పటికి కొన్నేళ్లే అయింది, ఆ పేరు మద్రాసు విద్యార్థుల్లో ఇంకా మార్మోగుతూనే ఉంది. చివరికి మధ్యేమార్గంగా భౌతికశాస్త్రం ఆనర్స్ తీసుకున్నాడు. పేరుకు భౌతికశాస్త్ర విద్యార్థే అయినా వెళ్లి కూర్చున్నది ఎక్కువగా గణితం క్లాసుల్లోనే. తల్లి సీతాలక్ష్మి కొడుకు పక్షాన నిలబడింది. ఆమె పెద్దగా బడి చదువు లేకపోయినా సొంతంగా నేర్చుకుని, ఇబ్సెన్ నాటకాన్ని తమిళంలోకి అనువదించిన మనిషి.

1928 వేసవి సెలవుల్లో చంద్రశేఖర్ కలకత్తాలో చిన్నాన్న ప్రయోగశాలకు వెళ్లాడు. రామన్ ఫలితం బయటపడి అప్పటికి కొన్ని నెలలే. కె.ఎస్.కృష్ణన్ వంటి వారి మధ్య పరిశోధన ఎలా సాగుతుందో దగ్గరగా చూశాడు. తన చోటు పరికరాల దగ్గర కాదనీ, కాగితం మీద సిద్ధాంతం దగ్గరేననీ కూడా తేల్చుకున్నాడు.

తిరగబడిన పాఠం

ఆ ఏడాదే జర్మన్ భౌతికశాస్త్రవేత్త ఆర్నాల్డ్ సోమర్‌ఫెల్డ్ మద్రాసు వచ్చి ప్రెసిడెన్సీ కాలేజీలో ప్రసంగించాడు. పరమాణు నిర్మాణంపై ఆయన రాసిన పుస్తకాన్ని చంద్రశేఖర్ అప్పటికే సొంతంగా చదివేశాడు. ఆ ధైర్యంతోనే మర్నాడు ఆయన బస చేసిన హోటల్‌కు వెళ్లి తలుపు తట్టాడు. అక్కడ విన్న మాటకు దిమ్మ తిరిగింది. ఆ పుస్తకంలోని భౌతికశాస్త్రం అప్పటికే పాతబడింది. ష్రోడింగర్, హైజెన్‌బర్గ్, డిరాక్ వంటి వారి పనితో క్వాంటం సిద్ధాంతం పూర్తిగా మారిపోయింది. ఎలక్ట్రాన్లను లెక్కించే పద్ధతే ఫెర్మీ, డిరాక్‌ల వల్ల కొత్తదైంది. సోమర్‌ఫెల్డ్ ఆ విద్యార్థిని ఉత్త చేతులతో పంపలేదు. లోహాల్లో ఎలక్ట్రాన్లపై తాను రాసిన, ఇంకా ప్రచురణ కాని వ్యాసం ప్రూఫులు చేతిలో పెట్టాడు.

ఇంకొకరైతే ఆ మాటకు నీరుగారిపోయేవారేమో. చంద్రశేఖర్ కాలేజీ లైబ్రరీలో కూర్చుని ఆ ప్రూఫుల సాయంతో కొత్త గణాంక పద్ధతిని నేర్చుకున్నాడు. కొన్ని నెలల్లోనే దాన్ని కాంప్టన్ పరిక్షేపణకు అన్వయిస్తూ వ్యాసం రాశాడు. ఎవరికి పంపాలి? అదే గణాంక పద్ధతితో శ్వేత కుబ్జ తారలను వివరించిన కేంబ్రిడ్జి ఆచార్యుడు ఆర్.హెచ్.ఫౌలర్ వ్యాసం కంటపడింది. పరిచయం లేకపోయినా ఆయనకే పంపాడు. చిన్న సవరణలతో ఆ వ్యాసం 1929లో రాయల్ సొసైటీ ప్రొసీడింగ్స్‌లో అచ్చయింది. డిగ్రీ చేతికి రాకముందే భావి పరిశోధనకు గురువు దొరికాడు. సిఫారసు ఉత్తరం చేసే పని ఆ వ్యాసమే చేసింది.

1929 అక్టోబర్‌లో హైజెన్‌బర్గ్ మద్రాసు వచ్చినప్పుడు ఆయనకు ఊరు చూపించే బాధ్యత ఈ విద్యార్థికే అప్పగించారు. మరుసటి జనవరిలో అలహాబాద్ సైన్స్ కాంగ్రెస్‌లో మేఘనాథ్ సాహా పరిచయమయ్యాడు. ఒక వ్యాస పోటీలో బహుమతిగా ఎడింగ్టన్ రాసిన నక్షత్రాల అంతర్నిర్మాణ గ్రంథం చేతికొచ్చింది. ఫౌలర్ సిద్ధాంతాన్నీ, ఎడింగ్టన్ పద్ధతినీ కలిపి శ్వేత కుబ్జ తారల సాంద్రతపై పని మొదలైంది కూడా మద్రాసులోనే.

తల్లి మంచం మీద

1930 మొదట్లో భారత ప్రభుత్వ ప్రత్యేక ఉపకారవేతనం మంజూరైంది. ఇంగ్లండ్‌లో చదువు ముగించి తిరిగి వచ్చి ఇక్కడ పనిచేయాలన్నది షరతు. కానీ అప్పటికే తల్లి తీవ్ర అనారోగ్యంతో మంచం పట్టింది. ఈ స్థితిలో వదిలి వెళ్లడం తగదని బంధువుల మాట. వెళ్లాల్సిందేనని పట్టుబట్టింది తల్లే. ప్రయాణమంటే శాశ్వత వీడ్కోలు కావచ్చని ఇద్దరికీ తెలుసు. 1931 మేలో ఆమె కన్నుమూసినప్పుడు కొడుకు కేంబ్రిడ్జిలో ఉన్నాడు.

ఓడలో మొదటి రోజులు తుపాను గాలుల మధ్య గడిచాయి. సముద్రం నెమ్మదించాక మద్రాసులో రాసిన లెక్కను మళ్లీ తీశాడు. శ్వేత కుబ్జ తార కేంద్రంలో ఎలక్ట్రాన్ల వేగం కాంతి వేగానికి దగ్గరగా ఉంటుందని గమనించాడు. అంటే సాపేక్షతా సిద్ధాంతాన్ని కలపక తప్పదు. కలిపి చూస్తే, ఒక హద్దు దాటిన ద్రవ్యరాశిని ఎలక్ట్రాన్ల పీడనం మోయలేదని తేలింది. నేటి లెక్కల ప్రకారం ఆ హద్దు సూర్యుడి ద్రవ్యరాశికి సుమారు 1.4 రెట్లు. అంతకన్నా భారీ తారల గతి ఏమిటన్న ప్రశ్నే తర్వాతి కాలంలో న్యూట్రాన్ తారలకూ, కృష్ణబిలాలకూ దారితీసింది.

ఆగస్టు 19న లండన్ చేరాక ప్రవేశం దగ్గర అధికారులతో చిక్కు వచ్చింది. ఫౌలర్ జోక్యంతో అది తీరింది. 1933లో పీహెచ్‌డీ వచ్చింది. ఆ ఫలితాన్ని 1935లో ఎడింగ్టనే బహిరంగంగా తోసిపుచ్చాడు. కాలేజీ రోజుల్లో ఎవరి పుస్తకం బహుమతిగా అందిందో, ఆయనే. 1937లో చంద్రశేఖర్ అమెరికా వెళ్లి షికాగో విశ్వవిద్యాలయంలో స్థిరపడ్డాడు. 1995 ఆగస్టు 21న అక్కడే మరణించాడు.

మద్రాసులోని ఆ ఐదేళ్లలో ప్రవేశ పరీక్ష కోసం బట్టీ పట్టిందేమీ లేదు. ఒక మంచి లైబ్రరీ, తలుపు తెరిచిన ఒక పెద్ద శాస్త్రవేత్త, ఆస్తి కన్నా చదువు గొప్పదనుకున్న ఒక ఇల్లు ఉన్నాయి. తను నేర్చుకున్నది పాతబడిందని తెలిసిన రోజున మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవడానికి సిద్ధపడిన విద్యార్థి ఉన్నాడు.