రాకీ మార్సియానో: 49 ఫైట్లు.. ఒక్క ఓటమీ లేదు! అలీతో ‘పోరు’ ఫలితం చూడకుండానే వెళ్లిపోయాడు

సచిన్ గొప్పా? కోహ్లీ గొప్పా? ఈ గొడవ మన దగ్గర ఎప్పటికీ తెగదు. బాక్సింగ్‌లో కూడా ఇలాంటి తెగని పంచాయితీ ఒకటుంది. వేర్వేరు కాలాల హెవీవెయిట్ చాంపియన్లు ఒకే రింగ్‌లో తలపడితే గెలిచేదెవరు? 1960ల్లోనే ఈ ప్రశ్నను కంప్యూటర్‌కి వేశారు. జవాబుగా అది చెప్పిన పేరు రాకీ మార్సియానో. కానీ ఆ జవాబు తెరపైకి వచ్చేసరికి మార్సియానో ప్రాణాలతో లేడు.

ఇంతకీ ఎవరీ మార్సియానో? అతడి కథేంటి?

చెప్పుల ఫ్యాక్టరీ కార్మికుడి కొడుకు

అసలు పేరు రోకో ఫ్రాన్సిస్ మార్కెజియానో. 1923 సెప్టెంబర్ 1న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, బ్రాక్టన్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్లు. బ్రాక్టన్ అంటే అప్పట్లో బూట్లు, చెప్పుల తయారీకి పెట్టింది పేరు. తండ్రి కూడా అక్కడి షూ ఫ్యాక్టరీలోనే పని చేశాడు. ఏడాదిన్నర వయసులో రోకోకి న్యుమోనియా వచ్చింది. బతకడం కష్టమే అనుకున్నారు. ఎలాగో గట్టెక్కాడు.

హైస్కూల్ చదువు మధ్యలోనే ఆపేశాడు. ఐస్, బొగ్గు డెలివరీ ట్రక్కులపై కూలికి వెళ్లాడు. గుంతలు తవ్వాడు. షూ ఫ్యాక్టరీలోనూ చేశాడు. 1943లో సైన్యంలోకి పిలుపు వచ్చింది. బాక్సింగ్‌ని సీరియస్‌గా తీసుకుంది ఆ తర్వాతే.

నిజానికి అతడి కల బేస్‌బాల్. 1947లో చికాగో కబ్స్ అనుబంధ జట్టు ట్రయల్స్‌కి వెళ్లాడు. కొన్ని వారాల్లోనే ఇంటికి పంపేశారు. అక్కడ సెలెక్ట్ అయి ఉంటే బాక్సింగ్ చరిత్ర వేరేలా ఉండేది.

పేరు పలకలేక.. పేరే మార్చేశారు

1948 నుంచి పూర్తిగా ప్రొఫెషనల్ బాక్సర్ అయ్యాడు. మార్కెజియానో అన్న పేరు రింగ్ అనౌన్సర్ నోరు తిరగలేదు. దాంతో అది మార్సియానో అయింది. మేనేజర్ ఆల్ వైల్, ట్రైనర్ చార్లీ గోల్డ్‌మన్.

గోల్డ్‌మన్ ముందున్న సమస్య చిన్నది కాదు. మార్సియానో ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలే. బరువు 84 కిలోల దగ్గర. చేతులు కూడా పొట్టే. హెవీవెయిట్‌లో ఇవన్నీ మైనస్ పాయింట్లు. అందుకే గోల్డ్‌మన్ అతడిని ఇంకా కిందికి వంగి ఆడమన్నాడు. వంగి, ప్రత్యర్థి ఒళ్లోకి దూసుకెళ్లి, కుడిచేత్తో కొట్టడం. ఆ కుడిచేతి పంచ్‌కి సూజీ క్యూ అని పేరు పెట్టారు. దానికి తోడు 15 రౌండ్లు ఆడినా అలసిపోని ఒంటి సత్తువ. అంతే, గెలుపులు వరుస కట్టాయి.

ఆ పంచ్ ఎంత ప్రమాదకరమో 1949 డిసెంబర్ 30న తెలిసింది. న్యూయార్క్‌లో కార్మైన్ వింగో అనే కుర్రాడిని ఆరో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. వింగో కోమాలోకి వెళ్లిపోయాడు. ప్రాణం దక్కింది కానీ మళ్లీ రింగ్ ఎక్కలేదు. ఆస్పత్రి ఖర్చులకు మార్సియానో సాయం చేశాడు.

ఆరాధించిన హీరోనే ఓడించాల్సి వచ్చింది

1951 అక్టోబర్ 26. ఎదురుగా ఉన్నది జో లూయిస్. మార్సియానో చిన్నప్పటి నుంచి ఆరాధించిన చాంపియన్. కానీ అప్పటికి లూయిస్‌కి 37 ఏళ్లు. పన్ను బకాయిలు కట్టలేక రింగ్‌లోకి తిరిగొచ్చాడు. ఎనిమిదో రౌండ్‌లో మార్సియానో అతడిని పడగొట్టాడు. గెలిచిన ఆనందం లేదు. లూయిస్ డ్రెస్సింగ్ రూమ్‌కి వెళ్లి ఏడ్చేశాడు.

వేర్వేరు కాలాల చాంపియన్లు తలపడితే ఏమవుతుందో మార్సియానోకి కంప్యూటర్ చెప్పక్కర్లేదు. ఆ రాత్రి కళ్లారా చూశాడు. ఇద్దరిలో ఒకరు మంచి వయసులో ఉంటే, ఇంకొకరు ఆ వయసు దాటేసి ఉంటారు.

13వ రౌండ్ అద్భుతం

1952 సెప్టెంబర్ 23, ఫిలడెల్ఫియా. టైటిల్ ఫైట్. ప్రత్యర్థి చాంపియన్ జెర్సీ జో వాల్కాట్. తొలి రౌండ్‌లోనే మార్సియానో కింద పడ్డాడు. కెరీర్‌లో అలా పడటం అదే మొదటిసారి. 12 రౌండ్లు ముగిసేసరికి ముగ్గురు జడ్జీల లెక్కలోనూ వెనకబడే ఉన్నాడు. ఇక నాకౌట్ చేస్తేనే టైటిల్. 13వ రౌండ్‌లో ఒకే ఒక్క కుడిచేతి పంచ్.. వాల్కాట్ కుప్పకూలాడు.

ఆ తర్వాత ఆరుసార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. 1954లో ఎజార్డ్ చార్లెస్‌తో రెండో ఫైట్‌లో ముక్కు చీలిపోయి రక్తం కారుతున్నా, ఎనిమిదో రౌండ్‌లో నాకౌట్ చేశాడు. 1955 సెప్టెంబర్ 21న ఆర్చీ మూర్‌తో చివరి పోరు. రెండో రౌండ్‌లో తాను కింద పడి, లేచి, తొమ్మిదో రౌండ్‌లో మూర్‌ని పడగొట్టాడు.

1956 ఏప్రిల్ 27న రిటైర్‌మెంట్ ప్రకటించాడు. వయసు 32. రికార్డు 49 ఫైట్లు, 49 గెలుపులు, అందులో 43 నాకౌట్లు.

కంప్యూటర్ ఎక్కిన రింగ్

1967లో మయామీకి చెందిన రేడియో ప్రొడ్యూసర్ మర్రే వోరోనర్‌కి ఒక ఐడియా వచ్చింది. అన్ని కాలాల నుంచి 16 మంది హెవీవెయిట్లను ఎంచుకున్నాడు. వాళ్ల బలాలు, బలహీనతలు, నిపుణుల అభిప్రాయాలు అన్నీ ఎన్‌సీఆర్ 315 కంప్యూటర్‌లోకి ఎక్కించారు. వచ్చిన ఫలితాన్ని నిజమైన ఫైట్ కామెంటరీలా రేడియోలో వినిపించారు. ఫైనల్లో మార్సియానో, జాక్ డెంప్సీని 13వ రౌండ్‌లో నాకౌట్ చేశాడని కంప్యూటర్ తేల్చింది.

ఈ టోర్నీలో మహమ్మద్ అలీ క్వార్టర్ ఫైనల్లోనే జిమ్ జెఫ్రీస్ చేతిలో ఓడినట్టు వచ్చింది. అలీకి ఒళ్లు మండింది. తన పరువు పోయిందంటూ 10 లక్షల డాలర్లకు దావా వేశాడు. అప్పటికే వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు అతడి టైటిల్ లాగేసుకున్నారు. ఫైట్లు లేవు, చేతిలో డబ్బు లేదు. చివరికి 10 వేల డాలర్లకు రాజీ కుదిరింది. దాంతోపాటు మార్సియానోతో ఒక ఫైట్‌ని సినిమాగా తీయడానికి అలీ ఒప్పుకున్నాడు.

రింగ్‌లో ఇద్దరు అజేయులు

1969లో మయామీ స్టూడియోలో షూటింగ్. అప్పటికి ఇద్దరూ ప్రొఫెషనల్‌గా ఒక్కసారీ ఓడలేదు. మార్సియానోకి 45 ఏళ్లు, అలీకి 27. ఈ సినిమా కోసం మార్సియానో 20 కిలోలకు పైగా బరువు తగ్గాడు. బట్టతల కనిపించకుండా విగ్గు పెట్టుకున్నాడు. నిమిషం చొప్పున డెబ్బైకి పైగా రౌండ్లు తీశారు. క్లైమాక్స్‌లు కూడా రకరకాలుగా షూట్ చేశారు. ఏది వాడతారో ఇద్దరికీ తెలియదు.

కొన్ని వారాలు గడిచాయి. 1969 ఆగస్టు 31 రాత్రి. మార్సియానో ఎక్కిన చిన్న సెస్నా విమానం అయోవా రాష్ట్రంలోని న్యూటన్ దగ్గర కూలిపోయింది. విమానంలో ఉన్న ముగ్గురూ చనిపోయారు. తెల్లారితే అతడి 46వ పుట్టినరోజు.

1970 జనవరి 20న సినిమా థియేటర్లలో వేశారు. అమెరికా ప్రేక్షకులు చూసిన ముగింపులో మార్సియానో 13వ రౌండ్‌లో అలీని నాకౌట్ చేశాడు. యూరప్‌లో కొన్నిచోట్ల అలీ గెలిచిన వెర్షన్ కూడా చూపించారు. అంటే కంప్యూటర్ తీర్పు కూడా ఊరికో రకంగా మారిందన్నమాట!

మరి అసలు జవాబు?

అలీ ఎత్తు 6 అడుగుల 3 అంగుళాలు. మార్సియానో కన్నా అరడుగుకు మించి ఎక్కువ దాకా అందే చేతులు. ఇప్పటి టైసన్ ఫ్యూరీ అయితే ఏకంగా 6 అడుగుల 9 అంగుళాలు. మార్సియానో బరువుకి ఈ రోజుల్లో అతడిని హెవీవెయిట్‌లో కాదు, క్రూజర్‌వెయిట్‌లో ఆడమంటారు. అందుకే ఈ కాలం వాళ్ల ముందు నిలబడలేడని కొందరి వాదన. ఫిలడెల్ఫియాలో 12 రౌండ్ల తర్వాత కూడా లెక్కలు అలాగే చెప్పాయి కదా అన్నది ఫ్యాన్స్ మాట.

అలీ 1970 అక్టోబర్ 26న నిజమైన రింగ్‌లోకి తిరిగొచ్చాడు. సరిగ్గా 19 ఏళ్ల కిందట అదే తేదీన మార్సియానో, లూయిస్‌ని ఓడించాడు. 1971 మార్చిలో జో ఫ్రేజియర్ చేతిలో అలీకి తొలి ఓటమి ఎదురైంది. 48 వరుస గెలుపులతో దూసుకొచ్చిన లారీ హోమ్స్ 1985 సెప్టెంబర్ 21న మైకేల్ స్పింక్స్ చేతిలో ఓడాడు. అది మార్సియానో చివరి ఫైట్‌కి సరిగ్గా 30 ఏళ్లు నిండిన రోజు.

కెరీర్ మొత్తంలో ఒక్క ఓటమీ, ఒక్క డ్రా లేకుండా తప్పుకున్న హెవీవెయిట్ ప్రపంచ చాంపియన్లలో 49-0 రికార్డు ఇప్పటికీ మార్సియానో పేరు మీదే ఉంది. అలీని గెలిచేవాడా లేదా అన్నది ఎవరి లెక్క వాళ్లది. ఈ 49 గెలుపులు మాత్రం రింగ్‌లో చెమటోడ్చి తెచ్చుకున్నవి.