వయసు కేసు గెలిచారు.. ఉద్యోగం కేసు ఓడారు! సురేంద్రనాథ్ బెనర్జీ కథ ఇదీ

ఐసీఎస్ పరీక్ష పాసైతే వయసు ఎక్కువంటూ పక్కన పెట్టేశారు. లండన్ కోర్టుకెక్కి గెలిచారు. తీరా ఉద్యోగంలో చేరాక మూడేళ్లు తిరక్కుండానే డిస్మిస్ చేశారు. ఈసారి ఎంత తిరిగినా ఏ తలుపూ తెరుచుకోలేదు. కాంగ్రెస్‌కు రెండుసార్లు అధ్యక్షుడైన సురేంద్రనాథ్ బెనర్జీ జీవితంలో చాలామందికి తెలియని భాగం ఇది.

1848 నవంబర్ 10న కలకత్తాలో పుట్టారు. తండ్రి డాక్టర్. 1869లో లండన్‌లో సివిల్ సర్వీస్ పరీక్ష రాసి పాసయ్యారు. అభ్యర్థికి 21 ఏళ్లు దాటకూడదన్నది రూలు. ఆయనకు అప్పటికి 20 ఏళ్లే. మరి గొడవెక్కడ వచ్చింది?

మెట్రిక్యులేషన్ కాగితాల్లో ఉంది అసలు చిక్కు. 1863లో ఆ పరీక్షకు వెళ్లినప్పుడు వయసు 16 అని రాశారు. మన ఇళ్లల్లో ఇప్పటికీ పెద్దవాళ్లు చెప్పే లెక్కే అది. పదిహేను నిండితే పదహారో ఏడు నడుస్తోందంటాం కదా! ఇంగ్లిష్ వాళ్లు మాత్రం 16 నిండినట్టే లెక్క కట్టారు. దాంతో 21 దాటిపోయిందని తేల్చి, జాబితా నుంచి పేరు కొట్టేశారు. శ్రీపాద్ బాబాజీ ఠాకూర్ అనే మరో భారతీయుడికీ ఇదే జరిగింది.

బెనర్జీ ఊరుకోలేదు. లాయర్లను పెట్టుకుని క్వీన్స్ బెంచ్ కోర్టుకు వెళ్లారు. భారతీయులు వయసు ఎలా లెక్కపెడతారో చూపే సాక్ష్యాలు కలకత్తా నుంచి తెప్పించుకున్నారు. అవి చూడకుండానే ఎలా తీసేశారో చెప్పాలని కోర్టు అడిగేసరికి సివిల్ సర్వీస్ కమిషనర్లు వెనక్కి తగ్గారు. పేరు మళ్లీ జాబితాలోకెక్కింది. తీసేసిన వాళ్లూ, న్యాయం చెప్పిన వాళ్లూ వేర్వేరు కావడమే అక్కడ ఆయనకు కలిసొచ్చింది.

1871లో సిల్హెట్‌లో అసిస్టెంట్ మేజిస్ట్రేట్‌గా చేరారు. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. పై అధికారి సదర్లాండ్. మొదట్లో అంతా బాగానే ఉంది. శాఖాపరమైన పరీక్షలో ఇంగ్లిష్ సహోద్యోగి తప్పి, తాను పాసయ్యాక పై అధికారి తీరు మారిపోయిందని బెనర్జీ తర్వాత ఆత్మకథలో రాసుకున్నారు.

ఇంతకీ ఉద్యోగం పోగొట్టిన కేసు ఎంతటిది? ఒక పడవ దొంగతనం! నిందితుడి పేరు యుధిష్ఠిరుడు. విచారణ చాలాకాలం సాగలేదు. పెండింగ్ కేసుకు కారణం చూపాలి కాబట్టి, ఆ నిందితుడి పేరు పరారీలో ఉన్నవాళ్ల జాబితాలోకి ఎక్కింది. నిజానికి అతను పారిపోలేదు. ఆ ఉత్తర్వు మీద బెనర్జీ సంతకం ఉంది. గుమస్తా తెచ్చిన కాగితాల కట్టలో చూడకుండా సంతకం పెట్టానన్నది ఆయన వాదన. తెలిసే తప్పుడు రికార్డు రాశారన్నది ప్రభుత్వ ఆరోపణ.

అజాగ్రత్త ఉంది, కాదనలేం. కానీ కొత్తగా చేరిన అధికారి అజాగ్రత్తకు మందలింపు సరిపోతుంది. ఇక్కడ మాత్రం ఏకంగా విచారణ కమిషన్ వేశారు. బెనర్జీ తరఫున లాయర్ వాదించినా లాభం లేకపోయింది. 1874లో డిస్మిస్ చేసి, నెలకు 50 రూపాయల భత్యం చేతిలో పెట్టారు. అదే ఇంగ్లిష్ అధికారి అయ్యుంటే ఇంత శిక్ష పడేదా అన్న ప్రశ్న కలకత్తా అంతటా వినిపించింది.

మళ్లీ ఓడెక్కి లండన్ వెళ్లి, ఇండియా ఆఫీసులో అప్పీలు పెట్టుకున్నారు. తీసేసిన ప్రభుత్వానికి పై మెట్టు అదే. డిస్మిసల్ ఖాయమైంది. సరే, లాయరై బతుకుదామనుకుంటే మిడిల్ టెంపుల్ వాళ్లు బారిస్టర్ పట్టా ఇవ్వం పొమ్మన్నారు. కారణం? ఉద్యోగం నుంచి డిస్మిస్ అయిన మనిషి అని! ఒక్క శిక్షతో రెండు వృత్తులు పోయాయన్నమాట.

1875లో చేతిలో పనిలేకుండా తిరిగొచ్చిన ఆయన్ను ఈశ్వరచంద్ర విద్యాసాగర్ పిలిచి, తన మెట్రోపాలిటన్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఇంగ్లిష్ ప్రొఫెసర్‌గా పెట్టుకున్నారు. జీతం నెలకు 200 రూపాయలు. మరుసటి ఏడాదే ఇండియన్ అసోసియేషన్ పుట్టింది. ఐసీఎస్ వయోపరిమితిని 21 నుంచి 19కి తగ్గించినప్పుడు ఊరూరా తిరిగి సభలు పెట్టింది కూడా ఈ బెనర్జీయే. వయసు పేరుతో తలుపు మూస్తే ఎలా ఉంటుందో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు.

1883లో హైకోర్టు జడ్జిపై ‘బెంగాలీ’ పత్రికలో రాసినందుకు కోర్టు ధిక్కారం కింద రెండు నెలలు జైల్లో ఉన్నారు. 1895లో పుణెలో, 1902లో అహ్మదాబాద్‌లో కాంగ్రెస్ అధ్యక్షుడయ్యారు. చివర్లో మితవాది అన్న విమర్శలూ పడ్డారు, ఎన్నికల్లోనూ ఓడారు.

ఇప్పుడు ప్రభుత్వ ఉద్యోగిని డిస్మిస్ చేయాలంటే, కొన్ని మినహాయింపులు తప్ప, ఆరోపణలు చెప్పి, వాదన వినిపించుకునే అవకాశం ఇచ్చి, విచారణ జరపాలని రాజ్యాంగంలోని 311వ అధికరణ చెబుతోంది. అలా జరగలేదనుకుంటే ఉద్యోగి ట్రిబ్యునల్‌కో, హైకోర్టుకో వెళ్లొచ్చు. బెనర్జీకి లేనిది ఆ రెండో మెట్టే.

1921లో ఆయన బెంగాల్ ప్రభుత్వంలో మంత్రి అయ్యారు. ఒకప్పుడు తనను గెంటేసిన ఐసీఎస్ అధికారులే ఫైళ్లు పట్టుకుని ఆయన ముందుకొచ్చారు. 1925 ఆగస్టు 6న కన్నుమూశారు.